ఒక్కపొద్దున్న ఆర్కిడ్

తోటపనిలో కొత్తగా చేరుతున్న మన పిల్లలు ఆదివారాలు నా వరండాకి వచ్చి ఒకటే అడుగుతుంటారు. "తాతా, ఆర్కిడ్ తెచ్చినప్పుడు పూసింది, మళ్ళీ పూయలేదు. ఏం వెయ్యాలి?" పేడనీళ్ళు వెయ్యాలా, చేపల ఎరువు వెయ్యాలా, బెల్లపు మడ్డి వెయ్యాలా అని. ఏం వెయ్యాలో అందరికీ కావాలి. ఏం మానాలో ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు దొరల ఇళ్ళలో కుండీలు మోసి నేను నేర్చుకున్నదంతా ఆ అడగని ప్రశ్నలోనే ఉంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఎన్ని ఇళ్ళు మారానో, ఎప్పుడు పెద్ద తోటమాలినయ్యానో ఇందులో ఉండదు. ఒక్క కుండీ సంగతి, నేను చేసిన రెండు వెధవ పనులు, నాకు పని నేర్పిన ఒక మహానుభావుడి సంగతి, అంతే.

నా పేరు సన్యాసి. తెలుగు అక్షరాలు మా గుడి పూజారిగారి దగ్గర ఇసుకలో దిద్దుకున్నవి. ఇంట్లో అమ్మతో తెలుగు, బయట అందరితో ఈ దీవి భాష క్రియోల్, అలా పెరిగినవాణ్ణి. రాతలో తప్పులుంటే నావి, ఒప్పులుంటే ఆయనవి.

కేంపు నుంచి మీదికి

పిటాన్ అనే ఊరి దగ్గర చెరుకు ఎస్టేటు కూలీల కేంపులో పుట్టాను. కేంపులో పుట్టినవాడికి చెరుకు కత్తి తప్ప వేరే దారి లేని రోజులు. మా నాన్న నడుం నలభై ఏళ్ళకే వంగిపోయింది. పడుకున్నప్పుడు కూడా ఆయన తిన్నగా పడుకోవడం నేను చూడలేదు. నాకు ఇరవై రెండో ఏట, మా ఎస్టేటు దొర గారి చుట్టం ఒకావిడకి తోటలో మనిషి కావాలని కబురు వచ్చింది. ఇల్లు క్యూర్‌పిప్‌లో. తీరం వైపు జ్వరాలకి భయపడి దొరలంతా ఆ చలి ఊరికి ఎక్కేసిన కాలం అది. అమ్మ నా మూటలో అటుకులు, నాన్న తన పాత చెరుకు కత్తి పెట్టారు. రైలెక్కాను. ఆ కత్తి ఇంట్లోనే వదిలేసి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

క్యూర్‌పిప్‌లో వాన ఆగితే జనం ఆకాశం కేసి అనుమానంగా చూస్తారు. మొదటి నెల అంతా నా బట్టలు ఆరలేదు. అయినా తెల్లారి లేచి చెరుకు వరస ముందు నిలబడక్కర్లేదన్న ఒక్క సంతోషంతో ఆ తడి అంతా ఓర్చుకున్నాను. వెనక్కి పంపేస్తారేమోనన్న భయం మాత్రం ఎప్పుడూ ఉండేది. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు ముందు నేను చేసిన పిరికిపని దీనివల్లే.

ఇంటావిణ్ణి అందరం మదాం అనేవాళ్ళం. భర్త లేడు. ఒక్కతే కూతురు, తీరంలో ఉండగానే జ్వరంతో పోయింది. ఆ పిల్ల పెంచుకున్న ఆర్కిడ్ కుండీ ఒకటి ఒళ్ళో పెట్టుకుని మదాం రైల్లో మీదికి వచ్చిందట. డెండ్రోబియం అంటారు దాన్ని. చూడ్డానికి అచ్చం పిల్ల చెరుకే. వేలెడు లావు కాడలు, కాడంతా కణుపులు. ఏటా సెప్టెంబరులో ఆ కణుపు కణుపుకీ తెల్ల పువ్వులు, అంచుల్లో లేత ఊదారంగు. పూసినన్ని రోజులూ కుండీ హాల్లో కూతురి ఫొటో పక్కన ఉండేది. మదాం దాని గురించి ఎవరితోనూ ఏమీ అనేది కాదు. ఆ రోజుల్లో హాల్లో గట్టిగా మాట్లాడకూడదని మాత్రం వంటవాడి దగ్గర్నుంచి అందరికీ తెలుసు.

తొంతోన్

తోటకి పెద్ద ఎవారిస్త్ అనే ముసలి క్రియోల్, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల వంశం. తొంతోన్ అనేవాళ్ళం, అంటే బాబాయి అన్నమాట. నన్నాయన గర్సోన్ అనేవాడు, అంటే కుర్రాడా అని. చదువు లేదు. మొక్కల పేర్లు దొరలు చెప్పే పేర్లు కావు, ఆయన పెట్టుకున్నవి. పెద్ద కోపిష్టి ఆర్కిడ్ ఒకదానికి మా అత్తగారు అని పేరు. ముప్పై ఏళ్ళుగా ఆర్కిడ్ల నీడపందిరి తాళంచెవి దారం కట్టి ఆయన మెళ్ళోనే ఉండేది. స్నానానికి కూడా తీసేవాడు కాదేమో.

ఆయనకో పట్టుదల ఉండేది. వాళ్ళ తాత బానిసత్వం పోయిన నాడు చెరుకు కత్తి నేల మీద పడేసి కేంపు వదిలి వచ్చేశాడట. అప్పట్నుంచీ వాళ్ళింట్లో ఎవరూ ఆ కత్తి ముట్టుకోలేదు. నేను నాన్న కత్తి గోడకి వేలాడదీస్తే, ఆయన దాని పక్కనుంచి నడిచేటప్పుడు భుజం ఇటు తిప్పుకునేవాడు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. ఆయన కోతకి వాడేది చిన్న కత్తెర, కొబ్బరినూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టుకునేవాడు.

నేను చాలామంది పెద్దల కింద పనిచేశాను. అరిచేవాళ్ళు, అలిగేవాళ్ళు, తెలిసిందంతా దాచుకునేవాళ్ళు. తొంతోన్ లాంటివాణ్ణి మళ్ళీ చూడలేదు. నేను వచ్చిన వారానికే ఆయన నా రెండు చేతుల్లో రెండు కుండీలు పెట్టి, "ఏది దాహంగా ఉంది?" అన్నాడు. తేలిగ్గా ఉన్నదని చెప్పాను. అంతే, ఆ పూట పాఠం అయిపోయింది. ఈ రోజుకీ నేను కుండీ ఎత్తి చూడకుండా నీళ్ళు పొయ్యను.

మూడు రోజుల పెత్తనం

ఆ ఏడు నడి చలికాలం, జులైలో తొంతోన్ చెల్లెలు పోయిందని కబురొస్తే ఆయన మూడు రోజులు వెళ్ళాడు. వెళ్తూ తాళంచెవి నాకిచ్చి, పందిరి శుభ్రం చెయ్యమన్నాడు. కొత్తగా పెత్తనం దొరికినవాడు ఊరుకుంటాడా? రాళ్ళు కడిగాను, నాచు గీకాను, చచ్చిన ఆకులన్నీ ఏరాను. చివరికి మదాం డెండ్రోబియం దగ్గరికి వచ్చాను.

నా కళ్ళకి అది పండి ఎండిపోయిన చెరుకులా కనబడింది. పాత కాడల మీద ఒక్క ఆకు లేదు. తొక్క ముడతలు పడి పసుపెక్కింది. చెరుకులో మాకు తెలిసిన ధర్మం ఒకటే. పండిన గడ నేలకి ఆన్చి నరకాలి, ఎంత కిందికి నరికితే అంత బలమైన పిలక. పైన మోడు వదిలినవాణ్ణి మేస్త్రీ తిట్టేవాడు. గోడ మీది నాన్న కత్తి తీశాను. తొమ్మిది కాడలు, తొమ్మిది వేట్లు. కోతలన్నీ నున్నగా, ఏటవాలుగా, మట్టానికి వచ్చాయి. నాన్న చూస్తే మెచ్చుకునేవాడే అనుకున్నాను కూడా.

తొంతోన్ తిరిగొచ్చి, తాళంచెవి మెళ్ళో వేసుకుని, కుండీ చూసి దాని పక్కన కూర్చుండిపోయాడు. తిట్టలేదు. నేను పారేసిన కాడల్లో ఒకటి తెచ్చి, గోటితో ఒక కణుపు దగ్గర పొర తీసి చూపించాడు. లోపల ఆవగింజంత పచ్చటి బుడిపె ఉంది. అదే మొగ్గ. ఈ జాతి ఆర్కిడ్ ఆకులు రాల్చేసిన కాడ మీదే పూస్తుంది. చచ్చిందనుకుని నేను నరికింది ఆ ఏడు పూయబోయే పూలన్నిట్నీ.

అప్పుడే మదాం చేతికర్రతో పందిరిలోకి వచ్చింది. కుండీ కేసి చూసింది. ఎవరు చేశారని అడిగింది.

చెరుకు వరస కళ్ళ ముందు కనబడింది, నాన్న నడుం కనబడింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"నా చెయ్యే, మదాం," అన్నాడు తొంతోన్.

మదాం వంగి ఆ మోళ్ళ కోత చూసింది. తర్వాత చెయ్యి చాపింది. తొంతోన్ మెళ్ళో దారం తీసి ఇచ్చాడు. ఆవిడ ఆ తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. ఈ మొక్క మళ్ళీ పూసిన రోజున ఎవారిస్త్‌కి తాళంచెవి తిరిగొస్తుందని, అంతదాకా అతను వెదురు కంచె కత్తిరించుకోవాలని, పందిరిలో అడుగుపెట్టకూడదని, మొక్క నేను చూడాలని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం కంచె దగ్గరికి వెళ్ళి తొంతోన్ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఎందుకలా చెప్పావని అడిగాను.

"నిన్ను పంపితే చెరుకులోకి పోతావు," అన్నాడు. "నన్ను పంపితే కంచె దాకానే పోతాను."

చెరుకు కత్తి ముట్టని వంశంలో పుట్టి, ఆ కత్తి కోత తనదని ఒప్పుకున్నాడన్నమాట. ఆ సంగతి ఆయన అనలేదు. నాకే తట్టింది, అదీ తర్వాత.

కంచె అవతల పాఠాలు

ముప్పై ఏళ్ళు పందిరిలో రాజ్యమేలినవాడు ఎండకీ వానకీ కంచె వెంట నడుస్తున్నాడు. నేను రోజూ సాయంత్రం వెళ్ళి మొక్క ఎలా ఉందో చెప్పాలి. మొదటి రోజు బాగుందని చెప్పాను. బాగుంది అనేది చూసినవాడి మాట కాదన్నాడు. మర్నాడు ఆకులు పచ్చగా ఉన్నాయన్నాను. ఏ పచ్చ? అరిటాకు పచ్చా, నిమ్మకాయ పచ్చా? పొద్దుటి ఎండ ఎన్నో కణుపు దాకా పడుతోంది? వేళ్ళ కొనలు ఏ రంగు? పరిగెత్తుకు వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. మళ్ళీ ఇంకోటి అడిగేవాడు. కుండీ తను చూడకుండా నా కళ్ళతో చూశాడాయన. చూడటం అంటే ఏమిటో నాకు వచ్చింది అక్కడే.

మోళ్ళ పక్కనుంచి డిసెంబరు వేసవికి ఆరు కొత్త కాడలు లేచాయి. ఆరూ బలంగా పెరిగి మూరెడు దాటాయి. నా ప్రాణం కుదుటపడింది. చలి మొదలయ్యే మే నెల వచ్చాక తొంతోన్ ఖచ్చితంగా చెప్పాడు. వానపడని అద్దాల కప్పు కిందికి జరుపు, వెలుగు తగలనీ, చలి తగలనీ, నీళ్ళు ఆపు.

ఇక్కడ రెండో తప్పు చేశాను. పిల్లలూ, ఇది మాత్రం మనవాళ్ళే చేసే తప్పు. మా అమ్మ పొద్దున్నే స్నానం చేసి తులసికి చెంబుడు నీళ్ళు పొయ్యకుండా నోట్లో మెతుకు పెట్టేది కాదు. తనకి జ్వరం వస్తే ఆ చెంబు నా చేతికిచ్చేది. మొక్కని ఎండబెట్టడం పాపం అన్నది నాకు పాలతో వచ్చిన మాట. కాడలు ముడతలు పడుతుంటే చూడలేకపోయాను. రోజూ పొద్దున్న ఒక్క గిద్దెడు, ఎవరూ చూడకుండా. తొంతోన్ అడిగితే పొయ్యడం లేదని చెప్పేవాణ్ణి.

ఆగస్టులో కణుపులు ఉబ్బాయి. గంతులేసుకుంటూ వెళ్ళి చెప్పాను. ఉబ్బినదాని అడుగున తెల్లటి దారం లాంటిదేమైనా ఉందా అని అడిగాడు. వెళ్ళి చూశాను. ఉంది. అవి వేళ్ళు. మొగ్గలు కావు, పిల్ల మొక్కలు. నీళ్ళు ఆగని మొక్కకి పూయాల్సిన పనేముంది? హాయిగా పిల్లల్ని పెట్టుకుంది. కాడకి నాలుగేసి పిల్లలు, పువ్వు మాత్రం ఒక్కటి లేదు.

తొంతోన్ కత్తెర తీసుకున్నాడు. నీళ్ళు పోశావా అని కూడా అడగలేదు. కంచెకి అవతలి వైపు వెళ్ళి కత్తిరించుకున్నాడు. ఆయన ముసలితనం ఇంకో ఏడు నా చేతుల మీదుగా కంచె పాలయింది.

అమ్మ ఒక్కపొద్దు

ఆ తర్వాత అమ్మోరు పండుగకి పిటాన్ వెళ్ళాను. అమ్మ ఘటం ఎత్తుతానని మొక్కుకుంది. పది రోజులు నీసు లేదు, ఒంటిపూట భోజనం. మొహం పీక్కుపోయింది. చూడలేక, కాసిన్ని పాలైనా తాగమని బతిమాలాను. అమ్మ నవ్వింది. వచ్చిన రోజే మొక్క సంగతంతా చెప్పి ఉన్నాను కాబట్టి, ఇలా అంది:

"ఓరి పిచ్చోడా, నాను ఒక్కపొద్దుంటే నీకు జాలేత్తంది. ఇప్పుడు నువ్ పాలు పోసేత్తే నా కడుపు నిండుద్దేమో గాని, గటం ఎవులు ఎత్తుతారు? ఆ మొక్కా దేనికో ఒక్కపొద్దుంది. దాని నోట్లో నువ్ ఊరకనే నీళ్ళు పోత్తన్నావు."

పదో రోజు అమ్మ పసుపు నీళ్ళతో తడిసి, ఘటం నెత్తిన పెట్టుకుని, తిన్నగా నడిచింది. ఆ నడక చూసి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పది రోజులు ఎండిన మనిషిలో అంత బలం ఎక్కడిదో నాకు అర్థం కాలేదు. మొక్క విషయం మాత్రం అర్థమైంది. తొంతోన్ ఏడాదిగా చెబుతున్నదే అమ్మ ఒక్క మాటలో చెప్పింది. తిరిగి వెళ్ళగానే కంచె దగ్గరికి పోయి, దొంగతనంగా నీళ్ళు పోసిన సంగతి తొంతోన్‌కి చెప్పేశాను. ఆయన కత్తెర ఆపకుండానే తనకి తెలుసన్నాడు. దాంతోపాటు అమ్మ మాట కూడా చెప్పాను. దానికి మాత్రం కత్తెర ఆపి, మీ అమ్మని ఇక్కడికి తోటమాలిగా తెచ్చుకోవాల్సిందన్నాడు.

రెండో చలికాలం

వేసవిలో పిల్ల మొక్కల్ని విడదీసి వేరే కుండీల్లో పెట్టాను. తల్లికి కొత్త కాడలు వచ్చాయి. వేసవంతా కడుపునిండా నీళ్ళు, పలచటి పేడనీళ్ళు. తినే కాలంలో బాగా తినాలి, అది కూడా గుర్తుంచుకోండి. బలం లేనివాడు ఉపవాసం ఉంటే పడిపోతాడు. మే నెలలో చెంబు పక్కన పెట్టేశాను. కాడలు మరీ కుంగిపోతే పది పదిహేను రోజులకోసారి నాలుగు చుక్కలు చల్లడమే.

ఆకులు పసుపెక్కి రాలిపోవడం మొదలైంది. వంటవాడు నన్ను చూసి, ఎవారిస్త్ నరికి చంపాడు, నువ్వు ఎండబెట్టి చంపుతున్నావన్నాడు. నాకు ధైర్యం చెప్పింది ఇంట్లోని వేరే ఆర్కిడ్ ఒకటి. సీతాకోకచిలుకల్లాంటి పూలు పూసే రకం. వెచ్చగా ఉండాలని ఏళ్ళ తరబడి హాల్లో తలుపులు మూసి పెంచేవారు, ఏపుగా ఆకులేసేది, పూసేది కాదు. ఆ వేసవి తుఫానులో దాని పక్క కిటికీ అద్దం పగిలింది. కొత్త అద్దం ఓడలో రావాలి, రాలేదు. జూన్ చలి రాత్రంతా ఆ కన్నం లోంచి దాని మీద పడింది. జులైకల్లా ఆకు సందులోంచి పూకాడ తొంగి చూసింది. ఆ సంగతి చెబితే తొంతోన్ కంచె మీంచే నవ్వాడు, చలిదెబ్బ తగలంది దానికి కాలం మారిందని ఎవరు చెబుతారన్నాడు. ఇళ్ళలో ఆ రకం పెంచేవాళ్ళకి ఇదే చెప్తున్నాను. పగలు వెలుగు ఇవ్వండి, చలికాలంలో రాత్రి కిటికీ తెరవండి.

ఆగస్టు చివర డెండ్రోబియం కణుపులు ఉబ్బాయి. ఈసారి గంతులెయ్యలేదు. రోజూ పొద్దున్న మోకాళ్ళ మీద కూర్చుని ప్రతి బుడిపె అడుగున వెతికేవాణ్ణి. తెల్ల దారం లేదు. కందిగింజంత అయ్యాయి, లేదు. సెనగగింజంత అయ్యాయి, లేదు. సాయంత్రం కంచె దగ్గర, దారం లేదని తొంతోన్‌కి చెప్పాను. ఆయన తల ఊపాడు.

మొదటి పువ్వు విచ్చిన పొద్దున్న మదాం దగ్గరికి వెళ్ళాను. పూసిందని చెప్పి, అక్కడితో ఆగకుండా, రెండేళ్ళు మింగిన మాట కక్కేశాను. నరికింది నేనని, తొంతోన్ ఆ రోజు ఇంట్లోనే లేడని, పంపించేస్తే వెళ్ళిపోతానని.

ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. "నేను ఎస్టేటులో పుట్టాను," అంది. "చెరుకు మోళ్ళ మధ్య పరిగెత్తి పెరిగాను. ఒక్క వేటుకి నేల మట్టాన తెగిన కోత నాకు తెలియదా? ఎవారిస్త్ చేతికి ఆ కత్తి ఇచ్చినా పట్టుకోడు."

మరి నన్నెందుకు పంపలేదని అడిగాను.

"పాడుచేసినవాడి కంటే జాగ్రత్తగా ఎవడు చూస్తాడు? ఎవారిస్త్ నాతో అబద్ధమాడాడు, అందుకు కంచె. నువ్వు ఎప్పుడు నోరు విప్పుతావో చూద్దామని కూర్చున్నాను. మొక్క కంటే నువ్వే ఆలస్యం చేశావు."

ఆవిడ తెలివిని ఈ రోజుకీ మెచ్చుకుంటాను. ఆ ముసలాయన్ని రెండు చలికాలాలు వానలో నిలబెట్టినందుకు మాత్రం మనసులో ఇంకా ఒప్పుకోను. నేను నోరు విప్పి ఉంటే ఒక్క పూటలో తీరిపోయేదన్నది కూడా నిజమే, అది ఆవిడ మీదికి నెట్టలేను.

తాళంచెవి తీసుకెళ్ళి కంచె దగ్గర తొంతోన్ మెళ్ళో నేనే వేశాను. ఆయన పందిరి తలుపు తీశాడు. రెండేళ్ళ తర్వాత. పువ్వుకేసి చూస్తాడనుకున్నాను. విచ్చింది ఒకటే, కాడల నిండా మొగ్గలు. ఆయన వాటిని పక్కకి ఒత్తిగించి, కింద నేను నరికిన తొమ్మిది మోళ్ళనీ బొటనవేలితో తడిమాడు. తర్వాత కుండీ రెండు చేతులతో పైకెత్తాడు. నా కేసి తిరిగాడు.

"ఇంత తేలిగ్గా ఉందేమిటి గర్సోన్? ఎన్నాళ్ళయింది నీళ్ళు పోసి?"

భయంతో ఇంకా పొయ్యలేదన్నాను. మళ్ళీ పాడుచేస్తానేమోనని.

ఆయన కుండీ దించి, మూలనున్న చెంబు తీసి, తొట్టిలో ముంచి నా చేతికిచ్చాడు.

"మీ అమ్మ ఘటం దించాక కూడా పస్తుంటుందా? నీళ్ళు పొయ్యి."

పోశాను. ఆత్రంలో సగం నా కాళ్ళ మీదే పడింది.